ఆకుబా: నీడ కోసమే పుట్టిన పొద

ఆకుబా పొదను తెలియక ఎండపడే చోట నాటితే, వేసవి ముదిరేసరికి దాని పై ఆకుల మీద నల్లటి మచ్చలు తేలతాయి. ఎండకు మాడిన ఆకు మామూలుగా గోధుమరంగుకు తిరిగి, పెళుసుబారి రాలిపోతుంది. దీని ఆకు అలా కాదు. కాలిన కాగితంలా బొగ్గు నలుపుకు మారుతుంది. చూసినవారు ఏదో తెగులు సోకిందనుకుని మందు కొడతారు. మందు పనిచేయదు. అదే పొద నుంచి ఒక కొమ్మ తెచ్చి, ఎండ ముఖం చూడని గోడ పక్కన నాటితే, అక్కడ దాని ఆకులు జానెడు పొడవున, దళసరిగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతూ పెరుగుతాయి. రెండూ ఒకే మొక్క. తేడా అంతా వెలుతురులోనే ఉంది.

నీడ తోటల గురించి చెప్పేటప్పుడు ‘నీడను తట్టుకునే మొక్కలు’ అనే మాట తరచు వినిపిస్తుంది. ఆకుబా విషయంలో ఆ మాట సరిపోదు. తట్టుకోవడమంటే కష్టాన్ని ఓర్చుకోవడం. గులాబీని నీడలో పెడితే అది నిజంగానే ఓర్చుకుంటుంది: సన్నబడి, సాగి, పువ్వు మానేసి, ఎలాగో ప్రాణం నిలుపుకుంటుంది. ఆకుబాకు నీడ కష్టం కాదు, పుట్టిల్లు. దాని ఆకు, కాండం, కొమ్మ వేసే తీరు, చివరికి దాని నిదానం కూడా తక్కువ వెలుతురుతో సంసారం ఈదడానికి అమరినవే. ఈ లెక్క పట్టుబడితే పెంపకంలో ప్రతి పనికీ కారణం దానంతట అదే తెలుస్తుంది. పట్టుబడకపోతే, మంచి ఉద్దేశంతో చేసే పనులే దాన్ని చంపుతాయి.

జపాన్, కొరియా, చైనా, తైవాన్ అడవుల్లో పెద్ద చెట్ల కింద ఈ పొద సహజంగా పెరుగుతుంది. జపాన్ భాషలో దీన్ని అఓకి అంటారు, అంటే పచ్చని చెట్టు. ఆకులు పచ్చగా ఉండే చెట్లు ఎన్నో ఉండగా దీనికే ఆ పేరు ఎందుకు వచ్చిందో కొమ్మను చూస్తే తెలుస్తుంది. ఇతర పొదల కొమ్మలు ఏడాది తిరిగేసరికి బెరడు కట్టి గోధుమరంగుకు మారతాయి. దీని కొమ్మలు ఏళ్ల తరబడి పచ్చగా, నునుపుగానే ఉంటాయి. ఆ పచ్చదనం కూడా పత్రహరితమే. దొరికిన కాస్త వెలుతురును ఆకుతో పాటు కొమ్మ కూడా పట్టుకుంటుందన్నమాట. 1775-76లో జపాన్‌లో ఉన్న స్వీడన్ వృక్షశాస్త్రవేత్త కార్ల్ పీటర్ తున్‌బర్గ్, అక్కడివారు పిలిచే పేరునే లాటిన్ ఒరవడిలోకి మార్చి ఈ ప్రజాతికి ఆకుబా అని పెట్టారు. తెలుగు చెవికి అందులో ‘ఆకు’ వినిపించడం కేవలం యాదృచ్ఛికం. కానీ ఈ మొక్కకు ఆ పేరు ఎంతగానో అమరింది, ఎందుకంటే దీని అందమంతా ఆకులోనే ఉంది.

పసుపు చుక్కలు చల్లినట్టుండే రకాలను చూసి చాలామంది క్రోటన్ అనుకుంటారు. పొరపాటు సహజమే. రెండింటి ఆకులూ దళసరిగా, మెరుస్తూ, రంగు చిలకరించినట్టు ఉంటాయి. అయితే రెండింటి స్వభావాలు ఉత్తర దక్షిణ ధ్రువాలు. క్రోటన్‌కు ఎండ తగిలేకొద్దీ రంగు పండుతుంది, చలి తగిలితే ఆకు రాలుస్తుంది. ఆకుబా ఎండకు నల్లబడుతుంది, మైనస్ 10 డిగ్రీల చలిలో కూడా ఆకు నిలుపుకుంటుంది. వేసవి రాత్రులు సైతం చల్లబడని వేడి మైదానాలు దీనికి పనికిరావు. అక్కడ ఎంత నీడ ఇచ్చినా వేర్లు వేడికి అలసిపోతాయి. సమశీతల ప్రాంతాలు, కొండ ప్రాంతాలు, చలికాలం స్పష్టంగా తెలిసే చోట్లు దీనికి అనువైనవి.

ఆ నలుపు సంగతి ఇంకాస్త చెప్పుకోవాలి. ఆకుబా కణాల్లో ఆకుబిన్ అనే పదార్థం ఉంటుంది. ఈ మొక్క పేరు మీదనే దానికి ఆ పేరు వచ్చింది. ఆకు బాగున్నంతకాలం అది ఒక చోట, దాన్ని విడగొట్టే ఎంజైము మరో చోట వేరుగా ఉంటాయి. ఎండ వల్లనో, మంచు వల్లనో, దెబ్బ వల్లనో కణం చితికితే రెండూ కలుస్తాయి. ఆకుబిన్ విడిపోయి, అందులోంచి వచ్చిన పదార్థం గాలి తగిలి నల్లటి రంగుగా మారుతుంది. ఒక లేత ఆకును గోటితో గట్టిగా నొక్కి కాసేపాగి చూస్తే, గోరు దిగిన గీత నల్లగా కనిపిస్తుంది. అంటే నలుపు రోగం పేరు కాదు, గాయం గుర్తు. ఆకుబా మీద నలుపు కనిపించినప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న ‘ఏ మందు కొట్టాలి’ అని కాదు, ‘ఎక్కడ దెబ్బ తగిలింది’ అని. నలుపు పై ఆకుల మీదనే, అదీ ఎండ వైపే ఉంటే కారణం ఎండ. చిగుళ్లు మాత్రమే నల్లబడి ముదురాకులు బాగుంటే, ఆలస్యంగా పడిన మంచు. కొమ్మ కొనలు వేలాడిపోయి, అక్కడి నుంచి కిందికి నలుపు దిగుతూ వస్తే మాత్రం వేళ్లను అనుమానించాలి. నీరు నిలిచి వేర్లు కుళ్లినప్పుడు కనిపించే తీరు అది. ఈ మూడోదే ప్రమాదం. మొదటి రెండింటినీ పొద దాటుకుని వస్తుంది.

ఇంత దళసరి ఆకు ఎండకు ఎందుకు ఓడిపోతుంది? ఒక్కో ఆకును తయారు చేయడానికి మొక్క కొంత పెట్టుబడి పెడుతుంది. ఎండలో పెరిగే మొక్కకు ఆ పెట్టుబడి కొద్ది వారాల్లోనే తిరిగి వస్తుంది, అందుకే అది పలచటి ఆకులను గబగబా వేసి గబగబా రాల్చగలదు. దట్టమైన అడవి నేలకు చేరే వెలుతురు, పైన పడే వెలుతురులో ఐదో వంతు కూడా కాదు; చాలాచోట్ల నూటికి ఒకటి, రెండు పాళ్లే. అంత స్వల్ప రాబడితో బతికే మొక్క దుబారా చేయలేదు. ఆకును గట్టిగా కట్టి, దాన్ని ఏళ్లపాటు నిలుపుకుని, మెల్లమెల్లగా అసలు రాబట్టుకుంటుంది. తన శ్వాసకు అయ్యే ఖర్చును కూడా తగ్గించుకుంటుంది. ఎప్పుడూ పచ్చగా ఉండటం ఆకుబాకు అలంకారం కాదు, పొదుపు. పైగా, పైనున్న పెద్ద చెట్లు ఆకు రాల్చేవి అయితే చలికాలంలో కింద ఉన్న పచ్చని పొదకు పండగే. అందరూ ఆకులు విడిచిన ఆ నెలల్లో, ఎండ మెత్తగా ఉన్నప్పుడు, అది ఒంటరిగా సంపాదించుకుంటుంది.

ఈ పొదుపు యంత్రాంగం మీద ఒక్కసారిగా నిండు ఎండ పడితే, పట్టుకున్న వెలుతురును ఖర్చు చేసే దారి ఆకుకు ఉండదు. మిగిలిపోయిన శక్తి లోపలి పత్రహరిత వ్యవస్థనే దెబ్బతీస్తుంది. మొదట ఆకు పాలిపోతుంది, తరువాత చితుకుతుంది, చివరికి నల్లబడుతుంది. ఏళ్ల పెట్టుబడి ఒక్క మధ్యాహ్నంలో పోతుంది. అందుకే తోటలో పెద్ద చెట్టును కొట్టేసిన ఏడాది దాని కింద ఉన్న ఆకుబా అంత దయనీయంగా కనిపిస్తుంది. ఆ సమయంలో దాన్ని పెకిలించనక్కరలేదు. పైన తాత్కాలికంగా వల కట్టి ఉంచితే కొత్త ఆకులు ఆ వెలుతురుకు తగినట్టుగా వస్తాయి.

నీడలన్నీ ఒకటి కావు. గోడ వేసే నీడ, చెట్టు వేసే నీడ మన కంటికి ఒకేలా ఉన్నా మొక్కకు రెండు వేరు లోకాలు. గోడ ఎండను అడ్డుకుంటుంది గానీ ఆకాశాన్ని పూర్తిగా కప్పదు. పైనుంచి నీలిమ కలిసిన చల్లటి వెలుతురు పుష్కలంగా దిగుతుంది. చెట్టు కింద పడే వెలుతురు మాత్రం ఎంగిలి వెలుతురు. పై ఆకులు అందులోని ఎరుపునూ నీలాన్నీ తినేసి, తమకు పనికిరాని దూరపు ఎరుపునూ, అంటే మన కంటికి దాదాపు కనిపించని ముదురు ఎరుపునూ, కొంత పచ్చనూ కిందికి వదులుతాయి. ఆ రంగుల తేడాను బట్టే మొక్కలు తమ మీద మరో మొక్క ఉందని పసిగడతాయి. ఎండ మొక్కలైతే ఆ సంకేతం అందగానే వెలుతురు కోసం సాగడం మొదలుపెట్టి, బలహీనపడి ఒరిగిపోతాయి. నీడ మొక్కలు ఆ సంకేతానికి అంతగా చలించవు. ఆకుబా పొద నీడలో కూడా గుబురుగా, నిటారుగా నిలబడటానికి ఇది ఒక కారణం. ఉత్తరార్ధగోళంలో ఇంటికి ఉత్తరం వైపు గోడ పక్కన ఉండే చోటు ఈ పొదకు అన్నిటికంటే మేలైనది. ఉదయపు లేత ఎండ గంటో రెండు గంటలో తగిలినా నష్టం లేదు. మధ్యాహ్నపు ఎండ మాత్రం తగలకూడదు.

వెలుతురు విషయంలో ఇంత ఓర్పున్న మొక్క నీటి విషయంలో దెబ్బ తింటుంది. తోటల్లో ఎక్కువ ఆకుబాలు చనిపోయేది అక్కడే. నీడ ఉంటే తేమ ఉంటుందని అందరూ అనుకుంటారు. అడవిలో అది నిజం, ఏళ్లుగా రాలిన ఆకు నేల మీద పరుపులా పేరుకుని ఉంటుంది కాబట్టి. తోటలో చెట్టు కింద నేలను ఊడ్చి శుభ్రం చేస్తారు. వాన పడితే పై కొమ్మలే సగం ఆపేస్తాయి. కిందికి చేరిన సగాన్ని చెట్టు వేర్లు పీల్చేస్తాయి. గోడ పక్కన అయితే ఇంటి చూరు వాననే రానివ్వదు. జోరువాన కురిసిన మర్నాడు గోడకు ఆనుకుని జానెడు లోతు తవ్వి చూస్తే లోపల దుమ్ము లేవడం మామూలే. వేరు బాగా పట్టిన ఆకుబా ఈ పొడినీడను కూడా భరిస్తుంది, దాని గొప్పతనాల్లో అదొకటి. కానీ వేరు పట్టేదాకా, అంటే మొదటి రెండేళ్లు, దాన్ని చంటిపిల్లలా చూడాలి. వారానికోసారి నిండుగా, లోతుకు దిగేలా నీళ్లు పోయడం, రోజూ పైపైన తడపడం కంటే ఎన్నో రెట్లు మేలు. పైపై తడి వేర్లను పైకి రప్పిస్తుంది, అక్కడ పెద్ద చెట్టు వేర్లతో పోటీ తప్పదు.

చెట్టు కింద నాటేటప్పుడు పెద్ద గుంత తవ్వాలనే ఆలోచన మానుకోవాలి. చెట్టు వేర్లు తెగితే చెట్టుకు నష్టం, తెగిన చోట కొత్త వేర్లు గుంపుగా పుట్టి కొత్త మొక్క పాదులోకే చొరబడతాయి కాబట్టి పొదకూ నష్టం. లావు వేర్ల మధ్య ఖాళీ వెతుక్కుని, మొక్క వేరుముద్ద పట్టేంత చిన్న పాదు చేస్తే చాలు. ఆ పాదులో పెద్ద మొక్క పట్టదు, పట్టనక్కరలేదు కూడా. మూరెడు ఎత్తు మొక్క, నిలువెత్తు మొక్క కంటే త్వరగా కుదురుకుంటుంది. పెద్ద మొక్కకు మోయవలసిన ఆకులు ఎక్కువ, వేర్లు తక్కువ. కొన్నేళ్లలో చిన్నదే దాన్ని దాటిపోవడం తరచు జరిగేదే. కుండీలో ఎంత లోతున ఉందో నేలలోనూ అంతే లోతున నాటాలి. కాండం మొదట్లో మట్టి కుప్ప పోయకూడదు. నాటిన తరువాత చుట్టూ నాలుగైదు వేళ్ల మందాన కుళ్లిన ఆకు ఎరువు పరిచి, కాండం చుట్టూ మాత్రం కాస్త ఖాళీ వదలాలి. చెట్టు రాల్చిన ఆకును ఊడ్చి పారేయకుండా ఆ పొదల కిందికే తోస్తే అడవి నేల మెల్లగా తిరిగి తయారవుతుంది. రసాయన ఎరువు దాదాపు అవసరం లేదు. తక్కువ వెలుతురులో మొక్క వాడుకోగలిగిన నత్రజనికి ఒక హద్దు ఉంది. అది దాటితే చిగుళ్లు మెత్తగా, నీరుబట్టి వచ్చి, మొదటి చలికే నల్లబడతాయి. నేల సున్నపుదైనా కాస్త పులుపుదైనా ఆకుబాకు పట్టింపు లేదు. బురద ఒక్కటే దానికి పడదు.

చుక్కల రకాలకూ నిండు పచ్చ రకాలకూ పెంపకంలో చిన్న తేడా ఉంది. పసుపు చుక్క ఉన్న చోట పత్రహరితం తక్కువ. అంటే ఆ ఆకు అంతమేరకు పని మానేసిన ఆకు. అందుకని బాగా చీకటి మూలలకు నిండు పచ్చ రకమే నప్పుతుంది. సన్నగా, విల్లో ఆకుల్లా పొడవాటి ఆకులుండే రకాలు ఆ మూలల్లో నిజంగా అందంగా ఉంటాయి, వాటిని పట్టించుకునేవారు తక్కువ కావడం బాధాకరం. చుక్కల రకాలకు ఆకాశం కాస్త కనిపించే చోటు ఇస్తే పసుపు నిలుస్తుంది. ఆకు మధ్యలో పెద్ద పసుపు మచ్చ ఉండే పిక్చురాటా వంటి రకాల్లో అప్పుడప్పుడు పూర్తి పచ్చ కొమ్మ పుడుతుంది. దాన్ని మొదట్లోనే తీసేయాలి. పత్రహరితం ఎక్కువ ఉన్న కొమ్మకు రాబడి ఎక్కువ కాబట్టి, వదిలేస్తే అదే పొదంతా ఆక్రమిస్తుంది.

ఆకుబాలో అన్నిటికంటే ఆలస్యంగా తెలిసే సంగతి దాని కాయ. చలికాలమంతా ముదురు పచ్చ ఆకుల మధ్య వేలి గోరంత ఎర్రటి పళ్లు గుత్తులుగా వెలుగుతూ ఉంటాయి. అయినా ఎన్నో తోటల్లో ఈ పొద ఇరవై, ముప్పై ఏళ్లుగా ఉండి ఒక్క కాయ కూడా కాయదు. బొప్పాయిలో, తాడిలో పోతు, పెంటి వేరువేరుగా ఉన్నట్టే ఆకుబాలోనూ ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. ఈ సంగతి యూరప్ తోటమాలులకు ఎలా తెలిసివచ్చిందో వింటే ముచ్చటేస్తుంది. 1783లో జాన్ గ్రేఫర్ అనే ఉద్యానకారుడు పసుపు చుక్కల ఆకుబాను ఇంగ్లండ్‌కు తెచ్చారు. మొదట దాన్ని చలికి ఆగని సుకుమారి అనుకుని, వెచ్చబెట్టిన గాజు గదుల్లో దాచారు. బయట కూడా హాయిగా బతుకుతుందని తెలిశాక, కొమ్మ ముక్కలతో ఊరూరా పాకింది. బొగ్గు పొగ కమ్మిన పారిశ్రామిక నగరాల్లో, మరే పొదా బతకని ఇరుకు పెరళ్లలో అది పచ్చగా నిలబడింది. కానీ ఆ మొక్కలన్నీ ఆడవే. కొమ్మ నుంచి కొమ్మగా పెంచినంతకాలం ఆడ మొక్క నుంచి ఆడ మొక్కే వస్తుంది. పళ్లు కాసే ఆకుబాను ఆ దేశంలో ఎవరూ చూడలేదు.

జపాన్ విదేశీయులకు తలుపులు తెరిచిన తరువాత, మొక్కల అన్వేషకుడు రాబర్ట్ ఫార్చ్యూన్ అక్కడికి వెళ్లిన పనుల్లో మగ ఆకుబాను వెతకడం ముఖ్యమైనది. యొకొహామాలో స్థిరపడిన ఒక వైద్యుడి తోటలో అది దొరికింది. 1861లో ఆ మగ మొక్క ఇంగ్లండ్‌కు బయలుదేరింది. 1864లో లండన్‌లోని కెన్సింగ్టన్‌లో, ఎర్రటి పళ్లు నిండుగా కాసిన ఆకుబాను ప్రదర్శనకు పెట్టారు. తొలి ఆడ మొక్క వచ్చిన 78 ఏళ్లకు జోడు కుదిరింది, మరో మూడేళ్లకు కాయ పండింది. ఇంత కథ ఉన్న మొక్క ఆ తరువాత వాడి వాడి అరిగిపోయి, ‘మరేదీ బతకని చోట పెట్టే పొద’ అనే చిన్నచూపుకు గురైంది. ఆ చిన్నచూపు అన్యాయం. పేడ ఎరుగని, నీరెరుగని, చెత్త పోసే మూలల్లో పెట్టి, దుమ్ము పట్టిన ఆకులను చూసి అందవిహీనం అన్నారు. తేమ నేలలో, ఆకులు కడిగినట్టున్న ఒక పొదను చలికాలపు ఉదయం చూస్తే ఆ మాట ఎవరూ అనరు.

మగ, ఆడ తేడా ఆకులో తెలియదు. పువ్వే చెప్పాలి. వసంతంలో కొమ్మ కొనన పూలు వస్తాయి, కానీ వంగి చూస్తేగానీ కనిపించవు. ఒక్కో పువ్వు సెంటీమీటరు కూడా ఉండదు. నాలుగు రేకలు, ముదురు ఊదా కలిసిన గోధుమరంగు. మగ పువ్వు మధ్యలో చదునైన ఆకుపచ్చ గద్దె, దాని నాలుగు మూలల్లో మీగడ రంగు కేసరాలు నాలుగు. చిన్న పీట మీద నాలుగు ముత్యాలు పెట్టినట్టు ఉంటుంది. ఆడ పువ్వులో కేసరాలు ఉండవు. మధ్యలో ఒక పొట్టి పచ్చటి మొటిమ మాత్రం నిలబడి ఉంటుంది. మగ పూల గుత్తి పొడవుగా, పూలు ఎక్కువగా ఉండి దూరం నుంచి కూడా తెలుస్తుంది. ఆడ గుత్తి చిన్నది. చిన్న ఈగలు, పురుగులు పుప్పొడిని మోస్తాయి. కాబట్టి మగ మొక్క తోటలో ఎక్కడో మూలన ఉండే కంటే ఆడ పొదలకు దగ్గరగా ఉండటం మంచిది. నాలుగైదు ఆడ పొదలకు ఒక మగ పొద సరిపోతుంది. ఒకే మొక్కకు చోటుంటే రోజానీ వంటి, తనంతట తానే కాసే రకాన్ని ఎంచుకోవాలి. పళ్లు చూడటానికే, తినడానికి కాదు. తింటే కడుపులో వికారం, వాంతులు కలుగుతాయి. చిన్నపిల్లలు తిరిగే దారి పక్కన ఆ గుత్తులు వేలాడకుండా చూసుకోవాలి.

కత్తిరింపు దగ్గర కూడా పొదుపు లెక్కను మరిచిపోకూడదు. కంచె కత్తెరతో పైనంతా సమంగా నరికితే పెద్ద ఆకులు సగానికి తెగి, తెగిన అంచులన్నీ నల్లబడి, నెలల తరబడి పొద గాయాలతో కనిపిస్తుంది. చేతి కత్తెరతో, ఒక్కో కొమ్మను కణుపు పైన లేదా మరో కొమ్మ పుట్టిన చోట తీయాలి. కొమ్మ కొన పూతకు వెళ్లిన తరువాత దాని కింద నుంచి రెండు కొత్త కొమ్మలు చెరో వైపు చీలడం ఆకుబా స్వభావం. అందువల్ల అది తనంతట తానే గుమ్మటంలా గుబురెక్కుతుంది, ఎక్కువ కత్తిరింపు అడగదు. బాగా ముదిరి, కింద బోడిగా మారిన పొదను వసంతంలో మోకాలి ఎత్తుకు నరికినా మళ్లీ చిగురిస్తుంది. అయితే ఒకేసారి కాకుండా మూడేళ్లలో మూడో వంతు చొప్పున తీస్తే, మిగిలిన ఆకులు కొత్త చిగుళ్ల ఖర్చును భరిస్తాయి. ఎర్ర పళ్లు కావాలనుకుంటే కత్తిరింపును పూత ముగిసేదాకా ఆపడం మంచిది.

కత్తిరించిన కొమ్మలను పారేయనక్కరలేదు. ఇంత తేలిగ్గా వేరుపట్టే పొదలు అరుదు. వేసవి చివర, ఆ ఏడాది పెరిగిన కొమ్మ కాస్త గట్టిపడ్డాక, జానెడు ముక్క తీసుకుని కింది ఆకులు గిల్లి, పై ఆకులు మరీ పెద్దవైతే సగానికి కత్తిరించి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి నీడలో ఉంచితే చాలు. నీళ్ల గ్లాసులో పెట్టినా వేర్లు వస్తాయి, కానీ ఆ వేర్లు పెళుసు, మట్టిలోకి మార్చేటప్పుడు విరుగుతాయి. గింజ నుంచి కూడా పెంచవచ్చు. గుజ్జు కడిగి, వెంటనే నాటాలి. అయితే మొలక పువ్వు చూపడానికి కొన్నేళ్లు పడుతుంది, అప్పటిదాకా అది ఆడదో మగదో తేలదు. కొమ్మ ముక్కలకు ఆ చిక్కు లేదు, తల్లి పొద ఏదైతే అవీ అదే. అందుకని కొమ్మలు తీసిన రోజునే ప్రతి కుండీకీ ఒక చీటీ గుచ్చి, రకం పేరుతో పాటు ఆడదా మగదా అన్నది కూడా రాసి పెట్టాలి. నెల తిరిగాక ఆకులు చూసి ఏది ఏదో ఎంత అనుభవజ్ఞుడైనా చెప్పలేడు.